విప్పిన మిషన్ల ఫోటోలు

మే 9

టీచరమ్మకు మావయ్య దీవెనలు.

నువ్వు బాగున్నావనీ, నీ వేసవి కంప్యూటరు క్లాసులో పిల్లలు నీ మాట వినడం లేదనీ మీ అమ్మ చెప్పింది. ఆ పిల్లలు చాలనట్టు మాట వినని ఇంకో విద్యార్థిని నీకు అంటగడుతున్నాను. అది నేనే.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. మొన్న నువ్వు ఫోనులో అరగంట పాఠం చెప్పావు. "తెర మీద పైనుంచి కిందికి వేలితో లాగు" అన్నావు. ఫోను చెవికి ఆనించుకున్నవాడు దాని తెర ఎలా చూస్తాడు? చెవి దగ్గర పెట్టుకుంటే తెర కనపడదు, కళ్ళ ముందు పెట్టుకుంటే నీ మాట వినపడదు. ఈ గొడవలో నా చెంప తగిలి కాల్ కట్టయింది. నేనేదో కోపంతో పెట్టేశాననుకుని నువ్వు మళ్ళీ చేయలేదు. అందుకే కాగితం మీద రాసి పంపు. గోడకు అంటించుకుని ఒక్కొక్కటే చేసుకుపోతాను.

సంగతేమిటంటే, ఫోటో తీయబోతే ఫోను "స్థలం లేదు" అంటోంది. పోయినేడాది మీ బడిలో తీసేసిన కంప్యూటరు తెచ్చి నా బల్ల మీద పెట్టావు కదా, ఫోటోలు అందులో వేసుకోవచ్చన్నావు. తీగ గుచ్చాను. ఫోను ఛార్జింగు ఎక్కుతోంది కానీ కంప్యూటరులో ఉలుకూ పలుకూ లేదు. నేనూ అదీ గుడ్లప్పగించి ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం.

తొందర దేనికంటే, వీధి చివర బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టైలరమ్మ తన కుట్టు మిషను బాగుచెయ్యమని నా షాపులో పెట్టి వెళ్ళింది. నాలుగు అంగుళాలకోసారి కుట్టు వదిలేస్తోంది. మొత్తం విప్పితే గానీ తెలియదు. జూన్ పదిహేనున బడులు తెరుస్తారు, ఆలోగా ఆమె ఇంకా నలభై జతలు కుట్టాలి. ఫోటోలు తీసుకోకుండా నేను మిషను విప్పను. కాబట్టి త్వరగా రాయి.

మీ అమ్మతో అనకు. ఆ ఫోను అవతల పారెయ్యమంటుంది.

ఆశీస్సులతో,
మావయ్య


మే 13

మావయ్యకు,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుతూ పైకే నవ్వాను. పక్కన లెక్కల మాస్టారు ప్రేమలేఖ అనుకున్నారు. నువ్వు కోపంతో పెట్టేశావని నేనేమీ అనుకోలేదు. అనుకున్నాను కానీ సాయంత్రానికి తగ్గిపోయింది.

ఇక పాఠం. గోడకు అంటించుకో.

ముందు తీగ సంగతి చూడు. కొన్ని తీగలు ఛార్జింగుకు తప్ప ఇంకెందుకూ పనికిరావు. ఫోనుతో పాటు డబ్బాలో వచ్చిన తీగే వాడు. అది గుచ్చాక ఫోను తాళం తీసి, తెర పైనుంచి కిందికి లాగు. "ఛార్జింగ్ మాత్రమే" అని కనపడుతుంది. దాన్ని నొక్కితే ఇంకో నాలుగు వరసలు వస్తాయి. వాటిలో "ఫైళ్ళ బదిలీ" అన్నది నొక్కు. అప్పుడు కంప్యూటరులో నీ ఫోను పేరుతో బొమ్మ వస్తుంది. దాని మీద రెండుసార్లు టకటకా నొక్కితే లోపల కెమెరా ఫోల్డరు ఉంటుంది. నీ ఫోటోలన్నీ అందులోనే.

అసలు ఎన్ని ఫోటోలు పోగేశావేమిటి? పోయినసారి వచ్చినప్పుడు నీ ఫోను చూస్తే అన్నీ స్క్రూలే. ఒకే స్క్రూ పదకొండుసార్లు. ఆ చెత్తంతా తీసేస్తే ఈ తీగలూ కంప్యూటర్లూ ఏవీ అక్కర్లేదు. ఆలోచించు.

వేళకు తింటున్నావా? అమ్మ అడగమంది.

ప్రేమతో,
నీ మేనకోడలు


మే 17

టీచరమ్మకు,

వేళకే తింటున్నానని మీ అమ్మకు చెప్పు. ఏం తింటున్నానో చెప్పకు.

నీ కాగితం గోడకు అంటించి ఒక్కొక్క వాక్యం దగ్గర పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ చేశాను. డబ్బాలో వచ్చిన తీగ దొరకలేదు. ఫోన్ల కొట్టాయన కొత్తది ఇచ్చాడు, ఇది ఫోటోలు కూడా మోస్తుందని ఒట్టేశాడు. పైనుంచి కిందికి లాగాను, "ఫైళ్ళ బదిలీ" నొక్కాను. కంప్యూటరులో ఫోను బొమ్మ వచ్చింది. ఎంత సంబరపడ్డానో. రెండుసార్లు నొక్కితే లోపల ఏమీ లేదు. తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉంది. మూడురోజులు పొద్దునా సాయంత్రం చేశాను, అదే వరస.

నా తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను. నువ్వు నేర్పింది ఒక్కటి కూడా మరవలేదు. తీగ గుచ్చిన ప్రతిసారీ ఫోను ఏదో అడుగుతుంది, ఈ కంప్యూటరును లోపలికి రానివ్వనా అని. నువ్వు చెప్పినట్టే ప్రతిసారీ "వద్దు" నొక్కుతున్నాను.

ఫోటోలు ఎన్నంటావా, మూడు వేల చిల్లర. అవి చెత్త కాదు. నా పని నాకు తెలుసు. ఆ మాట ఇంకోసారి రాయకు.

టైలరమ్మ రోజూ బడికి వెళ్ళినట్టు వచ్చి, బల్ల మీద అలాగే ఉన్న మిషనును చూసి వెళుతోంది. నన్ను ఏమీ అనదు. అంటే బాగుండు.

మావయ్య


మే 20

మావయ్యా,

తప్పంతా నాదే. నాకు గుర్తుంది. రెండేళ్ళ కిందట నువ్వు ఫోను అడిగినవాటన్నిటికీ సరే సరే అంటూపోతే, దాని నిండా ప్రకటనలు చేరి, ఎవరో ఆవిడ వేళాపాళా లేకుండా సబ్బు గురించి పాడేది. అప్పుడు నేనే నీకు చెప్పాను, "ఫోను ఏది అడిగినా వద్దను" అని. నా క్లాసులో ముప్ఫై ఆరుగురున్నారు. ఇంత బుద్ధిగా మాట విన్నవాళ్ళు ఒక్కరు లేరు.

ఈ ఒక్కదానికి "అనుమతించు" అను. ఆ కంప్యూటరు మనదే, అది పాడదు.

అప్పుడు కెమెరా ఫోల్డరు తెరిస్తే ఫోటోలన్నీ వస్తాయి. కంట్రోల్ మీట నొక్కిపట్టి ఎ నొక్కితే అన్నీ నీలంగా మారతాయి. మళ్ళీ కంట్రోల్ తో సి. తర్వాత కంప్యూటరులో "మావయ్య" అనే కొత్త ఫోల్డరు చేసి, అందులో కంట్రోల్ తో వి. ఆకుపచ్చ గీత కుడివైపుకు పాకుతుంది, గంటో రెండు గంటలో పడుతుంది. దాని ముందు కాపలా కూర్చోనక్కర్లేదు. అది పూర్తయ్యాక ఫోనులోవి తీసెయ్యి. ఫోను ఖాళీ అవుతుంది, నీ టైలరమ్మ ముఖం వెలుగుతుంది.

చెత్త అన్నందుకు అంత కోపమా? సరే, అనను. కానీ స్క్రూలకు అంత మర్యాద ఎందుకో నాకు అర్థం కాలేదు.

ప్రేమతో,
నీ మేనకోడలు


మే 24

టీచరమ్మకు ఆనందంతో,

అయ్యింది. అనుమతించాను. ఫోటోలన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి. ఆకుపచ్చ గీత పాకడం మొదలుపెట్టాక నువ్వు కాపలా వద్దన్నావు కదా అని వెళ్ళి పడుకున్నాను. పొద్దున లేచేసరికి గీత లేదు, పని అయిపోయిందన్నమాట. ఫోనులోవన్నీ తీసేశాను. ఇప్పుడు అది కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతోంది. టైలరమ్మ మిషను కూడా విప్పేశాను. అడుగడుగునా ఫోటో తీశాను, విప్పిన స్క్రూలను వరసగా గుడ్ల అట్టలో గుంటకొకటి చొప్పున పెట్టాను. లోపల దారం అందుకునే కొంకి అరిగిపోయింది, కొత్తది వేయాలి. రేపటి నుంచి బిగించడమే. నువ్వు చల్లగా ఉండాలి.

మే 25

ఈ ఉత్తరం నిన్న పోస్టు చేయకపోవడం మంచిదైంది.

నిన్న రాత్రి మిషను ఫోటోలు కూడా కంప్యూటరులోకి పంపి, ఫోనులోంచి తీసేశాను. పొద్దున బిగిద్దామని "మావయ్య" ఫోల్డరు తెరిస్తే అందులో ఉన్నవి పన్నెండు వందలు. మూడు వేల చిల్లరలో పన్నెండు వందలు. టైలరమ్మ మిషనువి మొదటి ఆరే వచ్చాయి. అట్ట నిండా స్క్రూలు నా వైపే చూస్తున్నాయి. ఏది ఎక్కడిదో నాకు తెలియడం లేదు.

నువ్వే తీసెయ్యమన్నావు.

మావయ్య


మే 28

మావయ్యా,

ఉత్తరం చదివాను. వెంటనే నాలుగుసార్లు ఫోను చేశాను. రెండుసార్లు మోగి ఆగింది, రెండుసార్లు నువ్వే కట్ చేశావు. ఆ తేడా నాకు తెలుస్తుంది. కాబట్టి రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను.

ఫోటోలు పోలేదు. మళ్ళీ రాస్తున్నాను, పోలేదు. నువ్వు తీసేసినవి ఫోను ముప్ఫై రోజులు ఒక మూల దాచి ఉంచుతుంది. ఫోటోలు చూసే చోటికి వెళ్ళు. అట్టడుగున "చెత్తబుట్ట" అని ఉంటుంది. దాన్ని తెరిస్తే అన్నీ ఉంటాయి. అన్నిటినీ ఎంచుకుని "తిరిగి తెప్పించు" నొక్కు. అంతే.

సగమే ఎందుకు వచ్చాయో చెబుతాను. ఫోను తెర ఆరి తాళం పడితే బదిలీ ఆగిపోతుంది. తెర ఆరకుండా చూసుకోమని నేను రాయలేదు, పైగా కాపలా వద్దన్నాను. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మాట ముందు చెబుతాను. నీకు చెప్పడం మరిచాను. నన్ను తిట్టు.

ఈసారి వెయ్యేసి చొప్పున పంపు, తెరను వేలితో తాకుతూ ఉండు. చివర ఇక్కడ ఎన్ని, అక్కడ ఎన్ని అని సరిచూసుకో. ఆ తర్వాత అన్నీ ఈ కవరులో పెట్టిన పెన్‌డ్రైవులో వేసి నాకు పంపు. నా దగ్గర కూడా ఒక వరస ఉంటే నాకు నిద్ర పడుతుంది.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. నా చిన్నప్పుడు కరెంటు పోతే చీకట్లోనే మిషను బిగించేవాడివి. "కళ్ళతో కాదే, వేళ్ళతో బిగిస్తాను" అనేవాడివి. నీకు ఫోటోలెందుకు?

నీ మేనకోడలు


జూన్ 1

టీచరమ్మకు,

ఫోటోలు దొరికాయి. అన్నీ, ఒక్కటి పోకుండా. చెత్తబుట్టలో వాటిని చూడగానే నీ కాగితం మీద పెద్ద టిక్కు పెట్టాను. తిట్టాల్సింది నిన్ను కాదు. ఆ రోజు ఉత్తరంలో చివర రాసిన ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. అది రాసినప్పుడు నేను నేనుగా లేను.

పెన్‌డ్రైవు కొరియరులో పంపుతున్నాను. లెక్క సరిపోయిందో లేదో చూడు, చాలు. లోపలివి తెరిచి చూడకు. నీకు విసుగు పుడుతుంది, అన్నీ స్క్రూలే.

ఫోటోలెందుకన్నావు. కళ్ళు మసకబారాయి, అంతే. పెద్దగా చేసుకుని చూడొచ్చు కదా.

మావయ్య


జూన్ 5

మావయ్యా,

చూడొద్దన్నావు. చూశాను.

లెక్క సరిచూద్దామనే తెరిచాను. నీ ఫోను ప్రతి ఫోటో వెనకా తేదీ, గంట దాచిపెడుతుంది. మావయ్యా, నీకది తెలియదు. రోజూ పొద్దున ఏడున్నరకు పొయ్యి మీట ఫోటో ఉంది, ఆపేసి ఉన్నట్టు కనపడేలా. తొమ్మిదికి తాళం వేసిన తలుపు. పాల కొట్టు నుంచి నీ షాపుకు తిరిగే మలుపు, మందుల షాపు బోర్డుతో సహా తొమ్మిదిసార్లు, పోయిన నవంబరు నుంచి. మార్చిలో ఒక సాయంత్రం ఒకే స్క్రూను పదకొండుసార్లు తీశావు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య మూడు గంటలు. నేను చెత్త అన్నది దాన్నే.

గోడ మీది మా ఫోటో కూడా ఉంది. అమ్మా నేనూ. పక్కన కాగితం ముక్క మీద నీ చేతిరాతతో మా పేర్లు.

బడిలో ఏడవకూడదని ఇంటికి వచ్చేదాకా బిగపట్టుకున్నాను. నాకు నీ మీద కోపం లేదు. నా మీదే ఉంది. నెల్లాళ్ళుగా నీకు మీటలు నేర్పుతూ, నీ ఉత్తరాలు చదివి నవ్వుకుంటూ కూర్చున్నాను. ఫోనులో చెప్పింది నిలవడం లేదు కాబట్టే కాగితం అడిగావని నాకు తట్టలేదు. నా కాల్ ఎందుకు కట్ చేశావో కూడా ఇప్పుడు అర్థమైంది. అడిగితే అబద్ధం చెప్పాలి, నీకు నోటితో అబద్ధం రాదు.

అమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పు. డాక్టరు దగ్గరికి వెళ్ళు. షాపు మూయించేస్తారని భయపడుతున్నావేమో, ఆ మాట నేనైతే అనను. ఆ మిషను మాత్రం ఒక్కడివే కూర్చుని బిగించకు. ఎవరో ఒకరిని పక్కన పెట్టుకో.

నువ్వంటే నాకు ఎంత ఇష్టమో ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నీ మేనకోడలు


జూన్ 14

టీచరమ్మకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు నీ మీద చాలా కోపం వచ్చింది. మర్నాటికి పోయింది. మర్చిపోవడం వల్ల కాదులే, నిజంగానే పోయింది.

పోయిన చలికాలంలో మొదలైంది. ఒక మిషను విప్పి భోజనం చేసి వచ్చి చూస్తే, దాన్ని ఎవరు విప్పారో తెలియలేదు. ఆ రోజు నుంచి ఫోటోలు. ఎవరికీ చెప్పలేదు. మెకానిక్కుకు మతిమరుపని వీధిలో తెలిస్తే గుమ్మంలోకి ఎవరొస్తారు? నలభై రెండేళ్ళ నుంచి ఈ పని తప్ప నాకు ఇంకోటి చేతకాదు. మీ అత్తయ్య పోయిన తర్వాత నన్ను పొద్దున్నే లేపుతున్నది కూడా ఈ పనే.

అయినా నువ్వన్నట్టే చేశాను. టైలరమ్మ ఎప్పటిలా వచ్చి నిలబడింది. నీళ్ళు నమిలి నమిలి చివరికి చెప్పేశాను. "అమ్మా, నాకు గుర్తుండడం లేదు. ఈ ఫోటోలు చూస్తేనే బిగించగలను. వద్దనుకుంటే విడి భాగాలు మూటగట్టి ఇస్తాను, ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాను. 

ఆమె స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "మెకానిక్ గారూ, నేను కొలతలు పుస్తకంలో రాసుకోనా? నా నోటి లెక్క నమ్మి ఎవరైనా బట్ట ఇస్తారా? మీరు ఫోటోల్లో రాసుకున్నారు, అంతే కదా. ఏదీ, ఆ ఫోను ఇటివ్వండి" అంది.

చివరి ఫోటో నుంచి మొదటిదాకా ఆమె ఒక్కొక్కటే చూపిస్తూ, "ఇప్పుడు మూడో గుంటలోది, ఇప్పుడు పొడుగు స్ప్రింగు" అంటూ చదివింది. నేను బిగించాను. చేతికి ముక్క అందిన తర్వాత వేళ్ళకు దారి తెలుస్తోంది, ఏ ముక్క ఎప్పుడన్నదే తెలియడం లేదు. రెండు సాయంత్రాలు పట్టింది. మిషను నడిచింది. ఆమె నా బల్ల మీదే ఒక చొక్కా కుట్టి చూసింది, ఒక్క కుట్టు వదల్లేదు. పదిహేను జతలు మిగిలాయట. రాత్రింబవళ్ళు కూర్చుంటోంది.

మీ అమ్మకు కూడా చెప్పాను. సంచీ సర్దుకుని వచ్చేసింది. మొదటిరోజు తిట్టింది, రెండోరోజు ఏడ్చింది, మూడోరోజు నా డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించింది. ఉప్పు డబ్బాకు చక్కెర అని అంటించింది. మరుపు నాకో తనకో తెలియని పరిస్థితి.

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. బొమ్మలు చూపించి పేర్లు అడిగారు, గడియారం గీయమన్నారు. ఈ మతిమరుపును నెమ్మది చేయగలం కానీ వెనక్కి తిప్పలేం అన్నారు. "అరిగిన భాగం తీసి కొత్తది వేయలేరా?" అని అడిగాను. దీనికి స్పేరు రాదట. పెద్ద పనులు ఇక ఎక్కువ కాలం చేయలేనట. బాబిన్లు, బెల్టులు మార్చే చిన్న పనులు చేసుకోమన్నారు. సరేనన్నాను.

మిషన్లు మర్చిపోతే పోయాయి, వాటికి ఫోటోలున్నాయి. నా భయమంతా ఒక్కటే. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని, ఇదెవరు రాశారని మీ అమ్మను అడిగే రోజు వస్తుందేమోనని. అందుకని ఇక నుంచి కింద "నీ మేనకోడలు" అని రెండు ముక్కల్లో సరిపెట్టకు. నువ్వెవరివో మొదట్లోనే వివరంగా రాయి. నాకిప్పుడు అక్కర్లేదు. నువ్వు ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.

బోలెడు ప్రేమతో,
మావయ్య


జూన్ 18

మావయ్యకు,

ఈ ఉత్తరం రాస్తున్నది నీ చెల్లెలి కూతురు. ఒక్కగానొక్క కూతురు, కాబట్టి ఎవరా అని తికమక పడనక్కర్లేదు. పొడుగ్గా ఉంటుంది, అద్దాలు పెట్టుకుంటుంది, దాని ముక్కు నీ ముక్కే. బడిలో పిల్లలకు కంప్యూటరు నేర్పుతుంది, పిల్లలు దాని మాట వినరు. ఆరేళ్ళప్పుడు నీ షాపులో నడుస్తున్న మిషను సూది కింద వేలు పెట్టింది. నువ్వు దాన్ని భుజాన వేసుకుని చెప్పులు కూడా లేకుండా ఆసుపత్రికి పరుగెత్తావు. ఎడమ చేతి చూపుడు వేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అనుమానం వస్తే చెయ్యి చాపమని అడుగు. దానికి వాళ్ళ మావయ్య అంటే ప్రాణం.

శనివారం ఉదయం పదింటి బస్సుకు వస్తున్నాను. ఇక ప్రతి శనివారం వస్తాను. చేతికి అందించే ముక్క ఏదో ఫోటో చూసి నేను చెబుతాను, నువ్వు బిగించు. పెద్ద మిషను ఒకటైనా ఒప్పుకో, డాక్టరుకు నేను చెప్పుకుంటాను.

ఏదో ఒక రోజు నేను గుమ్మంలోకి రాగానే "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతావేమో. అడుగు. నేను నొచ్చుకోను. కొంచెం నొచ్చుకుంటాను, అది నీకు కనపడనివ్వను. స్టూలు లాక్కుని నీ ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చెబుతాను. అర్థం కాకపోతే మళ్ళీ చెబుతాను. నా ఉద్యోగమే అది.

నీ చెల్లెలి కూతురు